ఓడకెక్కిన సరుకు

మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. పెళ్లయిన ఏడేళ్లకు మా ఆవిడతో తీరిగ్గా నాలుగు మాటలు చెప్పుకోవాలని, సింగపూర్ ఓడ విహారానికి అడ్వాన్సు కట్టడానికి బస్సులో వెళ్తున్నాను. "రెండే గదులు మిగిలాయండి" అని ఏజెంటు పొద్దునే ఫోన్లో తొందరపెట్టాడు.

బాలానగర్‌లో ఎక్కి పక్కన కూర్చున్నాయన నా చేతిలోని రంగుల కాగితం చూసి, "గిసొంటి ఓడల తొమ్మిదేండ్లు వంట చేసిన సార్" అన్నాడు. పోటీ ఏజెంటే అనుకుని సంచిని పొట్టకు అదుముకున్నాను. అదమడానికి పొట్టకు కొదవలేదు. "రెండే గదులు మిగిలాయట" అన్నాను ముక్తసరిగా.

"గదులెన్నని కాదు, ఎవరెక్కుతున్నరో అడుగుండ్రి. గిట్ల ఇస్కూళ్లు నడిచే రోజులల్ల ఓడ నిండదు. నిండిందంటే ఏదో కంపెనీ గుంపే. సరుకు ఎక్కించేటప్పుడే మాకు ఎర్కయితుండె. పాలడబ్బాలెక్కువుంటే పిల్లల లొల్లి, బీరు పెట్టెలెక్కువుంటే తెల్లారేదాంక చిందులు."

"ఇంతకీ మీరేం అమ్ముతారు?"

"పప్పన్నం సార్. జీడిమెట్లల క్యాంటీన్ నాది" అని నవ్వాడు.

నమ్మలేదు. ఆయన అబద్ధం బయటపెడదామనే, ఆఫీసుకెళ్లి ఎవరెక్కుతున్నారని ఏజెంటును అడిగాను.

"మందుల కంపెనీ వాళ్లండి, మంచి సందడి!" అన్నాడు ఏజెంటు.

మందులతో పాటు మందూ ఎక్కుతుందని అర్థమై తేదీ మార్చుకున్నాను.

ఆ ప్రశాంతమైన ఓడ మీద కూడా సంచిని పొట్టకు అదుముకుని కూర్చున్న నన్ను చూసి మా ఆవిడ అడిగింది: "మీరు జీవితంలో ఎవర్నైనా నమ్మారా?"

ఒకాయన్ని నమ్మకపోబట్టే ఇలా కూర్చున్నామని చెప్పలేక, సంచి తీసి పక్కన పెట్టాను.