దారంతో చేసిన భాగహారం

గుడివాడ హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజుల్లో, ఒకసారి బందరు రైల్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గ.సా.భా. లెక్క క్లాసులో ఇద్దరికి తప్ప ఎవరికీ రాలేదు. నెల రోజులు గొంతు చించుకుని చెప్పాను. ఒళ్ళు మండి ఒక పేపరు మీద సున్నా చుట్టేసరికి కాగితం చిరిగింది.

"ఏం లెక్కండీ అది?" అన్నాడు ఎదుటి సీట్లో పెద్దాయన. ఆయన ఒళ్ళో కలంకారీ అద్దకం చెక్క అచ్చులున్నాయి.

"రెండు సంఖ్యల్నీ శేషం లేకుండా భాగించే పెద్ద సంఖ్య కావాలి. మీకు తెలియదులెండి," అన్నాను విసుగ్గా.

"మా పనీ అదేనండీ. దుప్పటి నాలుగంచులా పువ్వు తెగకుండా పడాలి."

దుప్పటి పొడుగుకొకటి, వెడల్పుకొకటి అనుకోమంటూ సంచిలోంచి పొడుగూ పొట్టీ రెండు దారాలు తీశాడు. పొట్టిదానితో పొడుగుదాన్ని కొలిచి, మిగిలిన ముక్క తెంపాడు. ఆ ముక్కతో పొట్టిదాన్ని కొలిచాడు. అందులో మిగిలిన ముక్కతో మొదటి ముక్కను కొలిస్తే ఇక ఏమీ మిగల్లేదు.

"ఈ ఆఖరి ముక్కంత అచ్చు చెక్కితే రెండు వైపులా సరిపోద్దండీ."

నేను బోర్డు మీద చేసే భాగహారమే అది. ఎవరు నేర్పారని అడిగాను.

"నేర్పేదేముందండీ, గుడ్డ పాడైతే మా నాన్న ఊరుకునేవాడా?" అని నవ్వి పెడనలో దిగిపోయాడు.

సోమవారం క్లాసులో దారాలు పంచాను. పిల్లలు బల్లల మీద కొలుస్తూ కేకలు పెడుతుంటే హెడ్మాస్టరుగారు వచ్చి, "పరీక్షలో దారాలిస్తారా మాష్టారూ?" అన్నారు. నేను దారాలన్నీ వెనక్కి తీసుకుని బోర్డు మీద భాగహారం వేశాను.

ఎందుకివ్వకూడదండీ అని అడగాల్సింది. ఆ మాట నాకు రిటైరయ్యాక గాని తోచలేదు.