లాల్‌సింగ్ సంతాప సభకు: బంద్ రోజున జనగామ నుంచి భూపాలపల్లి దాకా

పోయిన నెల మా లాల్‌సింగ్ చనిపోయాడు. భూపాలపల్లిలో కరెంటు ఇంజనీరు. పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడట, వరంగల్ చేరేలోపే ప్రాణం పోయింది. అంత్యక్రియలకు నేను అందుకోలేకపోయాను. మూడు వారాల తర్వాత అక్కడి లైన్‌మెన్ ఫోన్ చేసి, సంతాప సభ పెడుతున్నాం, మీరొచ్చి మాట్లాడాలి అన్నారు. మరునాడు అక్కడి కరెంటు ఆఫీసు పై అధికారి కూడా ఫోన్ చేశాడు. "మీరు ఏం మాట్లాడతారో రాసి ముందుగా పంపండి మేడం. సమ్మె గురించీ, అతనికిచ్చిన నోటీసు గురించీ ఎత్తనంటేనే ఆఫీసు హాలు ఇస్తాం" అన్నాడు. నేనేమీ రాసి పంపలేదు. సభ రోజునే ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్ పిలుపు వచ్చింది. వాయిదా వేస్తే హాలు మళ్ళీ దొరకదని లైన్‌మెన్ భయం. బస్సులు ఉండవని తెలిసే బయలుదేరాను. ఇలాంటి రోజుల్లో ఈ దారిన పోవలసిన వాళ్ళకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు లాల్‌సింగ్ ఎవరో చెప్పాలి. వరంగల్‌లో డిప్లొమా చదివేటప్పుడు తరగతిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే, తండా నుంచి వచ్చినవాడు అతనొక్కడే. పక్కన ఎవరూ కూర్చోక ఇద్దరం ఒకే బల్ల మీదికి చేరాం. నాకన్నా మూడు నెలలు చిన్న కాబట్టి అక్కా అనేవాడు. ఒకే ఏడు కరెంటు శాఖ కొలువుల్లో చేరాం, అయిదేళ్ళు తొర్రూరులో కలిసి పనిచేశాం. నేను కాగితం మీద గీసిన లైను వెంట అతను పొలాల్లో నడిచి వచ్చేవాడు. "అక్కా, నీ గీత చక్కగనే ఉన్నది గని, నడుమ బాయి ఉన్నది" అని నవ్వేవాడు. ఇంజనీరు అయ్యాక కూడా స్తంభం ఎక్కడం మానలేదు.

జనగామలో అయిదున్నరకే కూరగాయల జీపు దొరికింది. పాలకుర్తి మీదుగా తొర్రూరుకు మనిషికి యాభై. మామూలు రోజున బస్సుకు ఇందులో సగం ఉంటుంది. బంద్ చేసేవాళ్ళు రోడ్డెక్కేది ఏడు దాటాకే కాబట్టి అంతలోపు ఎంత దూరం పోతే అంత మంచిది. తొర్రూరులో దిగేసరికి ఏడుంబావు, దుకాణాల షట్టర్లు అన్నీ దించి ఉన్నాయి. అక్కడ యాకూబ్ అనే జీపు డ్రైవర్‌ను భూపాలపల్లి దాకా పదిహేను వందలకు మాట్లాడుకున్నాను. ముందు రానన్నాడు.

"బంద్ నాడు బండి తీస్తే మనోల్లే అద్దాలు పలగ్గొడ్తరక్కా. నేను గూడ జెండా పట్టినోన్నే."

ఎక్కడికి, ఎవరి కోసమో చెప్పాను. జీపు తలుపు తీశాడు.

"తండాల కరెంటు సార్ గదా? మా అత్తగారి ఊర్ల లైను ఆయనే ఏయించిండు. కూసో. అద్దాల సంగతి తర్వాత సూద్దాం."

ముందు దంతాలపల్లి వైపు పోయాం. అక్కడికి దగ్గర్లోని తండాలో లాల్‌సింగ్‌కు అక్క ఉంది. పేరు జమ్లి. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోతే మట్టిపనికి పోయి తమ్ముణ్ణి చదివించింది. సభకు తీసుకుపోతానని మాట ఇచ్చాను. మేం చేరేసరికి వాకిట్లో సిద్ధంగా నిలబడి ఉంది. చేతిసంచిలో తమ్ముడి ఫోటో, చద్దన్నం మూట, ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం ఒకటి ఉన్నాయి. ఆ కాగితం ఏమిటని అడిగాను.

"తమ్మునికి ఆఫీసోల్లు ఇచ్చిన నోటీసు. ఆయన బీరువాల దొరికింది. ఏం రాసిన్రో నాకు తెల్వది. రాసినోల్లనే అడుగుత" అంది.

మళ్ళీ తొర్రూరు వచ్చి, నెల్లికుదురు మీదుగా మానుకోట చేరేసరికి పది దాటింది. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది కానీ దారి అడిగేటప్పుడు మానుకోట అంటేనే జనం చప్పున చెబుతారు. రైల్వే స్టేషన్ దగ్గర ఒక్క టీ బండి తెరిచి ఉంది. జీపులో కూర్చునే టీ తాగాం. నోటీసులో ఏముందో నాకు తెలుసు. జమ్లికి అప్పుడే చెప్పేయాలనిపించింది. చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ కథలో నా సంగతి కూడా ఉంది.

రాష్ట్రం కోసం మొన్న జరిగిన సమ్మెలో లాల్‌సింగ్ మొదటి రోజు నుంచే బయట కూర్చున్నాడు. నేను మాత్రం మూడు రోజులు ఆఫీసుకు పోయి హాజరు సంతకం పెట్టాను. రిటైర్మెంటు దగ్గర పడుతోంది, మనకెందుకులే అనుకున్నాను. మూడో రోజు సాయంత్రం అతను ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. "తిన్నవా అక్కా?" అని అడిగి, తిన్నానంటే "మంచిది" అని పెట్టేశాడు. నాలుగో రోజు నేనూ పోయి టెంటు కింద కూర్చున్నాను. ఆ రెండు మాటల ముందు ఏ తిట్టూ పనిచేయదు.

గూడూరు దాటాక రోడ్డు మూసేశారు. నడిరోడ్డు మీద మూడు రాళ్ళ పొయ్యిలు, పెద్ద గుండిగలు, నిరసనగా వంటా వార్పూ నడుస్తోంది. మమ్మల్ని చూడగానే పదిమంది జీపును చుట్టుముట్టారు.

"బంద్ అని తెల్వదా? ఎవల బండిది?"

యాకూబ్ ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. జమ్లి దిగింది. తమ్ముడి ఫోటో చేతిలో పట్టుకుని వాళ్ళ నడుమ నిలబడింది.

"గీయన నా తమ్ముడు. రాష్ట్రం కోసం సమ్మె చేసిండు, నోటీసు తిన్నడు, సచ్చిపోయిండు. గాయన సభకు పోతున్న. ఆపుతరా? ఆపుండ్రి. గిక్కడ్నే సభ పెడత."

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న పెద్దావిడ లేచి వచ్చింది. "ఆపుడేంది బిడ్డా, కూసోండ్రి. రెండు ముద్దలు తిని పోండ్రి" అని విస్తరాకులు పరిచింది. వేడన్నం, పచ్చి పులుసు, పప్పు. నేను వద్దంటే ఆమె గరిటె ఎత్తి చూపింది. "గియ్యాల గిదే మన దావత్. తినకపోతే బండి కదలది." తిన్నాం. పోయేటప్పుడు ఒకాయన జీపు ముందు జెండా కట్టి, నర్సంపేట దాకా ఇంకెక్కడా ఆపకుండా ఫోన్లు చేశాడు.

నర్సంపేట, మల్లంపల్లి, ములుగు. ఆ దారిలో చెట్లు దగ్గరగా వస్తాయి, ఎండ మెత్తబడుతుంది. మామూలు రోజైతే మానుకోట నుంచి నాలుగు గంటల్లో పోవచ్చు, మేం చేరేసరికి సాయంత్రం నాలుగున్నర అయింది. ఆఫీసు గేటు దగ్గర వంద మందికి పైగా ఉన్నారు. లైన్‌మెన్, బొగ్గు బావుల కార్మికులు, తండాల నుంచి నడిచి వచ్చిన ఆడవాళ్ళు. హాలుకు తాళం వేసి ఉంది. వాచ్‌మన్ నా ముందు చేతులు కట్టుకున్నాడు.

"నన్నేమనకుండ్రి మేడం. తాళంచెవి సార్ తీస్కపోయిండు."

మెట్ల మీద ఒక కుర్చీ వేసి ఫోటో పెట్టాం, లాల్‌సింగ్ భార్యతో కలిసి దండ వేశాం. సభ మొదలవుతుండగా ఆ అధికారి వచ్చాడు. కోపంగా లేడు, నిజానికి ఇబ్బంది పడుతున్నాడు. నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అన్నాడు. "నాలుగు మంచి మాటలు చెప్పి ముగించండి మేడం. మీకింకా రెండేళ్ళ సర్వీసు ఉంది. నా పైన కూడా వాళ్ళున్నారు."

ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళుగా నేను పుస్తకాల భాషే మాట్లాడాను. నా ఇంటి మాట వింటే నవ్వుతారని మొదట్లోనే తెలిసింది. లాల్‌సింగ్ మాత్రం మార్చుకోలేదు. ఒకసారి మీటింగులో "లైను గిట్ల పోతది సార్" అంటే పెద్ద సారొకాయన నవ్వి, మంచి తెలుగులో చెప్పవయ్యా అన్నాడు. లాల్‌సింగ్ నిలబడే జవాబిచ్చాడు. "సార్, మా ఇంట్ల మాట్లాడేది గీ తెలుగు గూడ గాదు. మీకోసం నేను ఒక భాష నేర్సుకున్న. నాకోసం మీరు ఒక్క మాటన్న నేర్సుకున్నరా?" పక్క కుర్చీలో నేనున్నాను, తల దించుకుని. మెట్ల మీద నిలబడ్డప్పుడు అది గుర్తొచ్చింది.

"అన్నలారా, అక్కలారా, నేను జనగామ సుజాతను" అని మొదలుపెట్టాను. "సమ్మెల మూడు దినాలు సంతకం పెట్టిన దాన్ని. లాల్‌సింగ్ ఒక్క దినం గూడ పెట్టలే. సమ్మె నడుమల దవాఖాన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, కాన్పుల వార్డు చీకట్ల పడ్డది. ఎవలు పిలవకముందే పోయిండు. నలుగురు లైన్‌మెన్లను తీస్కపోయి పొద్దుగూకేటాల్లకు కరెంటు ఇచ్చిండు. అయితే నువ్వు డ్యూటీకి వచ్చినట్టే, రిజిస్టర్ల సంతకం పెట్టు అని ఆఫీసోల్లు అన్నరు. పెట్టనన్నడు. సమ్మె నడుస్తనే ఉన్నది, గిది నౌకరి గాదు, దవాఖానల ఉన్నోల్ల కోసం చేసిన పని అన్నడు. గందుకే నోటీసు ఇచ్చిన్రు."

అప్పుడు జమ్లి లేచింది. మొదట తన భాషలో తమ్ముడితో ఏదో అంది. తండా ఆడవాళ్ళు గొంతెత్తి ఏడ్చారు. తర్వాత కవరులోంచి కాగితం తీసి నేరుగా అధికారి దగ్గరికి పోయింది.

"నాకు సదువు రాదు సారూ. నా తమ్ముడు చేసిన తప్పేందో మీరే సదివి చెప్పుండ్రి. గట్టిగ సదువుండ్రి, అందరు ఇనాలె."

ఆయన కాగితం అందుకున్నాడు. ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. చదవకుండానే కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, తల వంచుకుని కారు వైపు నడిచాడు. దవాఖాన నుంచి వచ్చిన నర్సు ఒకామె ముందుకొచ్చి తాను చదివింది. అనుమతి లేకుండా శాఖ సామగ్రిని ముట్టుకున్నందుకు, సంతకానికి నిరాకరించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. చదవడం అయ్యాక ఆ నర్సు, "గా దినం మా వార్డుల ఇద్దరు పిల్లలు పుట్టిన్రు. ఆ వెలుగుల్నే పుట్టిన్రు" అంది. జమ్లి ఆమెను కౌగిలించుకుంది. "గంతే చాలు. నా తమ్ముడు తప్పు చెయ్యలే" అని అందరికీ వినపడేలా చెప్పింది. హాలు తాళం తీయలేదు. మేమూ అడగలేదు. ఆరున్నర దాకా మెట్ల మీదే ఒక్కొక్కరం మాట్లాడాం.

జమ్లిని ఆ రాత్రికి లాల్‌సింగ్ భార్య దగ్గర దింపాను. నాకు వారం తిరగకముందే మెమో వచ్చింది: అనుమతి లేని సభలో ఎందుకు మాట్లాడారు? జవాబు రెండు వాక్యాల్లో రాశాను. మాట్లాడింది నేనే. చెప్పింది నిజమే. దాని కింద సంతకం పెట్టాను. ఏం చేస్తారో ఇంకా తెలియదు.

రాష్ట్రం ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో, వచ్చాక ఎలా ఉంటుందో నాకు తెలియదు. అతను లేడన్న సంగతి రోజూ ఏదో ఒక వేళ కొత్తగా తగులుతూనే ఉంది. లైను లెక్కలు తప్పినప్పుడు అతన్ని అడుగుదామని ఫోన్ మీదికి చెయ్యి పోతుంది. కానీ ఆ ప్రయాణం నుంచి వచ్చాక ఆఫీసులో నేను నా మాటే మాట్లాడుతున్నాను. కొందరు నవ్వుతున్నారు. నవ్వనీ. నవ్వి అలసిపోయాక పని గురించే మాట్లాడాల్సి ఉంటుంది, పని నాకు వచ్చు.

బంద్ రోజున ఈ దారిన పోయేవాళ్ళకు ఒక్క సలహా. రోడ్డు మూసిన చోట హారన్ కొట్టకండి, పక్కదారులు వెతకకండి. బండి ఆపి దిగి, ఎవరి కోసం పోతున్నారో చెప్పి, వాళ్ళతో పావుగంట కూర్చోండి. దారి వాళ్ళే ఇస్తారు.