సర్వర్ తలుపు మీద 'రేపు రా'

మా అనంతపురం కరువును దగ్గరగా చూసినవాడికి దయ్యాలను నమ్మడం కష్టం. అవి నిజంగా ఉండి ఉంటే ఎప్పుడో మూట కట్టుకుని బెంగళూరు బస్సెక్కి ఉండేవి. అప్పట్లో నేను ఇదే మాట అనేవాణ్ణి. ఇప్పుడూ అంటాను, కాకపోతే కాస్త గొంతు తగ్గించి.

రెండు వేల సంవత్సరం దాటాక, సందుకో నెట్ సెంటర్ వెలుస్తున్న కాలం. కంప్యూటర్ డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం వెతుకుతున్నానని అందరికీ చెప్పేవాణ్ణి. ఉద్యోగం నన్ను వెతుకుతున్న జాడలు మాత్రం లేవు. అందుకని పగలంతా నా స్నేహితుడు మారుతి నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. కింద ఎరువుల అంగడి, పైన మేము. యూరియా వాసనకు అలవాటు పడితే ఇబ్బందేమీ ఉండేది కాదు.

నెట్‌కు కొన్ని సిస్టమ్‌లు, ఆటకు వేరే ఐదు. ఆట సిస్టమ్‌లకు బయటి లైను ఏదీ లేదు. గదిలోపలి కేబుళ్ళతోనే వాటిని కలిపి తుపాకుల ఆట ఆడేవాళ్ళం. ఆ ఆటను నడిపే సర్వర్ నేను కూర్చునే సిస్టమ్‌లో ఉండేది. ఎవరు ఎక్కడినుంచి లోపలికి రావాలని చూశారో తెర మీద దాని కిటికీలో కనిపించేది. బయటివాడు మా ఆటలోకి రావాలంటే మెట్లెక్కి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చోవాల్సిందే. వేరే దారి లేదు.

మారుతికి ఒక తమ్ముడు, చంద్ర. ఆటలో వాడు పెట్టుకున్న పేరు ఇంట్లో పిలిచే పేరే: చిన్నోడు. ఇంటర్‌లో లెక్కలు తప్పాడు. సప్లిమెంటరీ రాసేదాకా ఆట ముట్టకూడదని మారుతి ఆజ్ఞ. చిన్నోడికి ఆజ్ఞలు వినపడేవి కావు. మధ్యాహ్నం సంగటి తిని రావడం, ఐదో సిస్టమ్ ముందు కూర్చోవడం. చివరికి సర్వర్‌కు పాస్‌వర్డ్ పెట్టాం. అది మా ఇద్దరికీ తెలుసు, రోజూ వచ్చే నలుగురికీ చెవిలో చెప్పాం.

తప్పు పాస్‌వర్డ్ కొడితే తెర మీద ఏ మాట రావాలో మనమే రాసుకోవచ్చు. నేను 'రేపు రా' అని రాశాను.

మా చిన్నప్పుడు వీధిలో ఒక పుకారు లేచింది, కర్ణాటక వైపు నుంచి. మనకు తెలిసినవాళ్ళ గొంతుతో దయ్యం తలుపు దగ్గర పిలుస్తుందని, తీస్తే అంతే సంగతులని. అందరూ తలుపుల మీద సుద్దముక్కతో 'రేపు రా' అని రాసుకున్నారు. దయ్యం అది చదివి వెళ్ళిపోతుంది, మర్నాడు వస్తుంది, మళ్ళీ చదువుతుంది. వీధిలో సగం మందికి చదవడం రాకపోయినా దయ్యానికి వచ్చని అందరికీ గట్టి నమ్మకం.

తెర మీద ఆ మాట చూసి చిన్నోడు కుర్చీ తిప్పాడు. "ఏమన్నా, నన్ను దయ్యాన్ని చేసినారే!"

"నీకంటే దయ్యం మేలురా, ఒకసారి చెప్తే వింటాది," అన్నాడు మారుతి. "ఆకరి పరీచ్చ రాసి రా, పాస్‌వర్డ్ నేనే చెప్తా."

పరీక్షా కేంద్రం హిందూపురంలో పడింది. చివరి పరీక్ష రాసి, స్నేహితుడి బండి అడిగి తీసుకుని వాడు నేరుగా అనంతపురం బయల్దేరాడు. సోమందేపల్లె దగ్గర హైవే మీద లారీ. అంతకంటే చెప్పడానికేమీ లేదు.

కర్మలన్నీ అయ్యాక సెంటర్ తెరిచాం. ఐదో సిస్టమ్‌ను మారుతి ఊడదీసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. దాని కేబుల్ గోడకు వేలాడుతూ ఉండిపోయింది. మేం ఆట ఆడలేదు. సర్వర్ మాత్రం అలవాటుగా నడుస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం సర్వర్ కిటికీలో ఒక అక్షరాల వరుస వచ్చింది. ఐదో సిస్టమ్ నుంచి చిన్నోడు లోపలికి రావాలని చూశాడు. పాస్‌వర్డ్ తప్పు. 'రేపు రా' అని జవాబు వెళ్ళింది.

పాత వరుసేదో మళ్ళీ కనిపించిందనుకున్నాను. మర్నాడు అదే వేళకు మళ్ళీ. వేలాడే కేబుల్‌ను రెండో వైపు కూడా పీకేశాను. ఆ మర్నాడూ వచ్చింది. అటకెక్కి సంచి విప్పి చూశాను: సిస్టమ్ ఉంది, దుమ్ము ఉంది. నా చదువు అంతవరకే పనిచేసింది.

మారుతికి చెప్పకూడదనుకున్నాను, కానీ వాడే చూశాడు. అప్పటికే వాడి పరిస్థితి బాగాలేదు. తిండి మానేశాడు. రోజు మార్చి రోజు బండి తీసుకుని సోమందేపల్లె పోయి వచ్చేవాడు. ఒకసారి వెంట వెళ్ళాను. అందరూ రోడ్డు పక్కన నిలబడతారు. వీడు రోడ్డు మధ్య తెల్లగీత మీద నిలబడ్డాడు. హారన్లు మోగుతుంటే చెయ్యి పట్టి ఇవతలికి లాగాను. "యాల లాగుతావు, కంకర ఉండాదా అని చూస్తాంటిని," అన్నాడు. రోడ్ల శాఖ మీద వాడికి అంత శ్రద్ధ ఉందని నాకు అంతవరకూ తెలియదు.

వాళ్ళమ్మ లక్ష్మీదేవమ్మకు అన్నీ తెలుసు. రోజూ క్యారియర్ పట్టుకుని మెట్లెక్కేది, తెరవని క్యారియర్ పట్టుకుని దిగేది.

ఒకరోజు ఆమె అక్కడ ఉండగానే ఆ వరుస వచ్చింది. మారుతి నా కుర్చీలోకి వచ్చి కూర్చుని, పాస్‌వర్డ్ తీసేస్తానన్నాడు.

"ఏమప్పా, చదువుకున్నోనివి, నువ్వన్నా చెప్పు వానికి," అంది నాతో. "పోయినోళ్ళకి రేపు రా అని చెప్పల్ల. లోపలికి పిలిస్తే తోడు అడుగుతారు. నాకు మిగిలింది వీడొక్కడే."

"వాడు దయ్యమా, అమ్మా? నీ కొడుకు. పరీచ్చ రాసి రమ్మంటి, రాసి వచ్చినాడు. ఇంగా ఎన్ని దినాలు రేపు రా అంటాం?"

ఆమె మెట్ల దగ్గర కూలబడింది. నేను లేచి ఫ్యాను ఆమె వైపు తిప్పాను. మాటలు వచ్చినవాడినని నాకు పేరు.

మారుతి పాస్‌వర్డ్ తీసేసి పక్క సిస్టమ్‌లో ఆట తెరిచాడు. ఎండ, మట్టిగోడలు, ఒక్క చెట్టు లేని ఊరు. ఆ ఆట గీసినవాడు మా జిల్లా చూసి ఉంటాడని మేమనుకునేవాళ్ళం. ఆ గోడల మధ్య మారుతి బొమ్మ ఒంటరిగా నిలబడి ఉంది.

చిన్నోడు ఆటలోకి వచ్చాడని తెర మీద వచ్చింది.

ఎదురుగా ఒక బొమ్మ వచ్చి నిలబడింది. కాల్చలేదు. చిన్నోడు బతికి ఉన్నప్పుడు అంతసేపు కాల్చకుండా ఉన్నది నేనెప్పుడూ చూడలేదు. మారుతి తన బొమ్మ చేతిలోని తుపాకీ కింద పడేశాడు. అవతలి బొమ్మ వెనక్కి తిరిగి, గోడలో ఉన్న చెక్కతలుపు వైపు మెల్లగా నడిచింది. మారుతి వెంట నడిపించాడు. ఆ బొమ్మ తలుపు దాటింది. వీడు గడప దగ్గరకు చేరాడు.

తెర నల్లబడింది. మధ్యలో 'రేపు రా' అని వచ్చింది.

పాస్‌వర్డ్ లేదు. తప్పు కొట్టే అవకాశమే లేదు. మారుతి మళ్ళీ ప్రయత్నించాడు. రేపు రా. ఇంకో సిస్టమ్ మీద. రేపు రా. వాడు లేచిన కుర్చీలో నేను కూర్చుంటే నేరుగా లోపలికి వెళ్ళాను. తలుపు అవతల ఎవరూ లేరు. ఎండ, గోడలు. మళ్ళీ మారుతి కూర్చున్నాడు. రేపు రా.

"ఏం రాసింది?" అని మెట్ల దగ్గర నుంచి అడిగింది లక్ష్మీదేవమ్మ. చెప్పాను.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని క్యారియర్ మూత తీసింది.

"వాడే చెప్తాండాడు కదా నాయనా. దినామూ అట్లే చెప్పనీ. రా, తిను."

మారుతి తిన్నాడు. చెనక్కాయ చట్నీ అయిపోయిందని మళ్ళీ అడిగాడు కూడా. ఆ తర్వాత వాడు సోమందేపల్లె పోలేదు.

ఆ ఐదో సిస్టమ్ వరుస మళ్ళీ రాలేదు. నేను సర్వర్‌ను తుడిచేసి మొత్తం కొత్తగా ఎక్కించాను. ఆ మాట తీసేసి మామూలు మాట పెట్టాను. అందరికీ మామూలు మాటే వచ్చేది, మారుతికి తప్ప.

తర్వాత నాకు బెంగళూరులో ఉద్యోగం దొరికింది. కంపెనీ సిస్టమ్‌లలోకి ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి అని చూడడమే పని. ఇన్నేళ్ళలో తెలిసినవాళ్ళందరినీ అడిగాను, ఊరూ పేరూ చెప్పకుండా. కేబుల్ సరిచూసుకోమన్నారు.

నెట్ సెంటర్ పోయింది. మారుతి ఇప్పుడు అదే గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నా పాత సర్వర్ సిస్టమ్‌నూ, పక్కన ఇంకొకదాన్నీ మూలన గుడ్డ కప్పి ఉంచాడు. పోయినసారి వెళ్ళినప్పుడు, ఇంకా చూస్తున్నావా అని అడిగాను.

"దినామూ. సంగటి తిన్నాక ఒక్కసారి."

"ఏమన్నాడు?"

మారుతి షట్టర్ సగం దించి, బండి తాళాలు తీసుకున్నాడు. ఇంటికి పోయే వేళైంది.

"రేపు రమ్మన్నాడు," అన్నాడు.