వద్దన్న గోలీ మళ్లీ ఎందుకు

పెళ్లయిన మొదటి రెండేళ్లలో నా ఎడమ కాలి పిక్కలో రెండుసార్లు రక్తం గడ్డకట్టింది. అప్పటి నుంచి రక్తం పలచబడే గోలీ రోజూ వేసుకునేదాన్ని. నెల తప్పితే ఆలస్యం చేయకుండా రమ్మని సిద్దిపేటలో నన్ను చూసే డాక్టరమ్మ ముందే చెప్పింది. అనుమానం వచ్చిన రోజే వెళ్లాను. పరీక్ష చేసి, గోలీ ఆపించి, పొట్ట మీద చర్మం కింద వేసే సూదిమందు రాసింది.

నా చేత్తో నేను పొడుచుకోలేకపోయాను. దుబ్బాకలో తువ్వాళ్లు నేసే నన్ను కన్న మా అవ్వ వచ్చి నా దగ్గర ఉండిపోయింది. నర్సు ఎలా వేస్తుందో రెండు రోజులు చూసి, మూడో రోజు ఆమె ముందే తను వేసింది. తెగిన పోగులు అతికే వేళ్లు కదా, వణకలేదు. పొట్ట మీద నీలం మచ్చలు పడేవి. వాటిని తప్పించి కొత్త జాగా వెతుకుతూ అవ్వ అడిగేది.

"గీ మందు లోపల బిడ్డకు పోదా?"

"పోదంట అవ్వా."

"ఎట్ల పోదు?"

డాక్టరమ్మ చెప్పిందనేదాన్ని.

కాన్పుకు ముందురోజు సూది ఆపారు. ఆడపిల్ల పుట్టింది. మర్నాడు సూది మళ్లీ మొదలుపెట్టి, దాంతోపాటు పాత గోలీ కూడా ఇచ్చారు. అవ్వ ఆ గోలీల షీటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసింది.

"గిది అప్పుడు వద్దన్న గోలీనే గదా. కడుపుల ఉన్నప్పుడు పడనిది, పాలల్ల ఎట్ల పడ్తది?"

షీటు కొంగున ముడేసుకుంది. "అడిగినంక ఇస్త."

నర్సు ఏమనుకుంటుందోనని నాకు సిగ్గేసింది. కానీ జవాబు వినాలని నాకూ ఉంది.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి, అవ్వ ప్రశ్న విని, మంచం పక్కన కూర్చుంది.

"ఈ గోలీ మందు బొడ్డుతాడు అంటుకుని ఉండే మాయ దాటి లోపల బిడ్డకు పోతది, అమ్మా. అందుకే ఆపినం. పాలల్లకు మాత్రం రానట్టే. బిడ్డకు పాలు పట్టొచ్చు."

"మరి సూదిమందు?"

"దాని అణువు పెద్దది. మాయ దాటలేదు."

కొంగు ముడి ఇంకా విప్పకుండానే అవ్వ అడిగింది. "అయితే రక్తం పలచబడే గోలీలన్నీ పాలిచ్చేటప్పుడు వేసుకోవచ్చా?"

"లేదమ్మా. నేను చెప్పేది ఈ ఒక్కదాని గురించే. వేరేవి కొన్ని వద్దంటం."

అవ్వ ముడి విప్పి గోలీ నా అరచేతిలో పెట్టింది. నేను మింగి, పాపను రొమ్ముకు పెట్టుకున్నాను. రక్తపరీక్షలో గోలీ పనిచేస్తోందని తేలాక సూది మానేశారు. పాపకు ఏ ఇబ్బందీ రాలేదు. నేను ఇంకా ఆ గోలీ మీదే ఉన్నాను, పరీక్షలకు వెళ్తూనే ఉన్నాను.

పాపకు మూడో నెల వచ్చాక అవ్వ దుబ్బాకకు వెళ్లిపోయింది. వారం తిరక్కుండానే ఫోన్ చేసింది.

"పక్కింటామె బిడ్డకు గుండెకు ఏందో గోలీ ఇస్తున్నరట. ఆ పిల్ల ఇప్పుడు కడుపుతోని ఉన్నది, ఐదో నెల. వేసుకోవచ్చా అని నన్ను అడిగిన్రు. నాకు తెల్వదు, ఇయ్యాల్నే దవాఖానకు పొండ్రి అన్న. నేను గూడ పోతున్న, ఆ డాక్టర్ ఏం జెప్తడో విందామని."