కొండెక్కిన కొసరు విత్తనం

పచ్చి పత్తికాయను గోటితో చీలిస్తే ఒక వగరు వాసన వస్తుంది. మొన్న పొద్దుటి మంచులో, అనంతగిరి కొండల దిగువన ఒక చేలో కాయ చీల్చాను. గింజల మధ్య గులాబీ రంగు పురుగు మెల్లగా ఒళ్లు విరుచుకుంది. దాన్ని చంపాల్సిన విషం ఆ మొక్కలోనే ఉంది, అయినా అది హాయిగా ఉంది. ఆ వాసనకే నాకు వసుంధర మేడం గుర్తొచ్చారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఆమె మా వ్యవసాయాధికారి, నేను ఆమె వెనక నడిచే కొత్త ఉద్యోగిని.

అప్పట్లో బీటీ పత్తి కొత్త. పురుగుమందును మొక్కే తయారుచేసుకుంటుందంటే జనం నవ్వేవారు. ఆ విత్తనాల డబ్బాలో మామూలు పత్తి గింజల పొట్లం కూడా ఒకటి వచ్చేది. దాన్ని చేను చుట్టూ వేయాలి. మావాళ్లు మాత్రం కొసరు అనుకున్నారు, కూరగాయలామె చివర్న వేసే రెండు మిరపకాయల్లాగా. కొసరును ఎవరు పారేస్తారు? దిగువ ఊరి రైతు రామునాయుడు తన పొట్లంతో పాటు ఇరుగుపొరుగువీ పోగుచేసి, టైడా ఊరికి పైన కొండవాలులో సేద్యం చేసుకునే గాసన్నకు ఇచ్చాడు. వాళ్లిద్దరూ నేస్తం కట్టుకున్నవాళ్లు. మావైపు నేస్తమంటే తోడబుట్టినవాడికంటే ఎక్కువ. ఆ నమ్మకం మీద గాసన్న చోళ్లు, అంటే రాగులు, పండే పొలమంతా పత్తి వేశాడు. పురుగు ఒక్క కాయ మిగల్చలేదు. దిగువన నాయుడి చేను మాత్రం వెన్నెల పరిచినట్టు విచ్చుకుంది.

గాసన్న సంతకు రావడం మానేశాడు. నాయుడికి తిండి సయించలేదు. మేడం అతన్నీ నన్నూ వెంటబెట్టుకుని కొండెక్కారు. దారంతా మబ్బు మా కాళ్ల మధ్య నుంచే పోతున్నట్టుండేది. ముందు నడిచే ఆమె చీర అంచు కనబడేది, ఆమె కనబడేది కాదు. ఆ నడక ఇప్పటికీ నా కలల్లోకి వస్తుంది.

గాసన్న అరుగు మీంచి లేవలేదు. "మంచి ఇత్తనం నువ్వుంచుకుని తాలు నాకిచ్చినావు నేస్తం. పిల్లలకి అంబలేటి పొయ్యాల?"

"నానెరగను నేస్తం. కొసరనుకున్నాను" అన్నాడు నాయుడు నేలచూపులు చూస్తూ.

"అది తాలు కాదు గాసన్నా, పురుగు కోసం వేసే విత్తనం" అన్నారు మేడం.

"పురుక్కి మేతేసి పెంచడమేటమ్మా?"

"దాని పెళ్లి కోసం" అని నవ్వారామె. "నాయుడి చేలో విషం తిని కూడా ఒకటో రెండో పురుగులు బతుకుతాయి. పక్కనే మామూలు పురుగులుంటే వాటితో జతకడతాయి. పిల్లలు చాలావరకు ఆ విషానికి చచ్చేవే పుడతాయి. పక్కన ఏవీ లేకపోతే బతికినవీ బతికినవీ మేనరికం చేసుకుంటాయి. ఇక ఆ వంశానికి మన విషం అంబలితో సమానం."

గాసన్న కొండ దిగువకు చూశాడు. "అయితే సంబంధం దగ్గర్లో ఉండాల. ఇంత దూరంలో ఏత్తే ఎలాగ?" అన్నాడు. నాయుడు ముందు నవ్వాడు, తర్వాత ఏడ్చాడు.

ఆ ఏడు గాసన్న ఇంటికి తిండిగింజలు నాయుడి గాదె నుంచి వెళ్లాయి. మరుసటి ఏడు నాయుడు తన చేను చుట్టూ మామూలు పత్తి వరసలు నేస్తం చేతే వేయించాడు. ఊరు నవ్వింది. మేడం ఇంటింటికీ తిరిగి ఇంకొందరి చేత వేయించారు గానీ, ఆమె బదిలీ అయ్యాక అందరూ మానేశారు. రెక్కలొచ్చిన పురుగుకు గట్టు తెలియదు కదా. ఊరంతా వదిలేస్తే ఒక్క నాయుడి వరసలు ఏం కాపాడతాయి? కొన్నేళ్లకు అతని కాయల్లోనూ పురుగు బతికి బట్టకట్టింది.

ఆ సంగతి చెప్పడానికి విశాఖలో మేడం ఇంటికి వెళ్లాను. ఆమె అప్పటికే రిటైరయ్యారు. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. ఎంత పంట పోయిందని ఆమె అడగలేదు.

"నాయుడూ గాసన్నా మాట్లాడుకుంటున్నారా?"

"ఒకరింట్లో ఒకరు తింటున్నారు మేడం."

"అయితే మళ్లీ మొదలుపెట్టొచ్చు" అన్నారు.

ఆమె ఇప్పుడు లేరు. ఆ లోటు నాకు పూడేది కాదు. ఏ ఊరికి వెళ్లినా పైరు చూసే ముందు, గట్టుకు అటూ ఇటూ ఉన్న రైతులు పలకరించుకుంటున్నారో లేదో చూస్తాను.