ఈ పని నీకెందుకు?

యుద్ధం రోజుల్లో మాచర్ల రోడ్డు పనికి ఆరు నెలల ఒప్పందం మీద గుమాస్తా కావాలని తెలిసి ఎగిరి గంతేశాను. సొంత పొలం ఉన్నవాడికి కంకర గుట్టలు కొలిచే పని మీద ఇంత మోజేమిటని అనుమానం రావడం సహజం. కాంట్రాక్టరుకూ వచ్చింది.

అసలు సంగతి వేరు. ఒక మధ్యాహ్నం మా గడ్డివాము తగలబడింది. ఎవరు అంటించారో చూసినవాళ్లు లేరు. మా ఊళ్లో రెండు పార్టీలు కాబట్టి మా అన్న ఎదుటి పార్టీ మనిషి మీద కేసు పెట్టాడు. నాగులేట్లో నాకు ఈత నేర్పిన మనిషి ఆయన. మామా అని పిలిచేవాణ్ణి. ఆయన నిప్పు పెడుతుంటే కళ్లారా చూశానని నేను గురజాల కోర్టులో చెప్పాలట. ఆ వేళకు నేను పొలంలో కలుపు తీయిస్తున్నాను. ఊళ్లో లేకుండా పోతే అన్న ఇంకో సాక్షిని వెతుక్కుంటాడని నా ఆశ.

మాచర్లలో సైకిళ్లు బాగుచేసే సాయిబు ఒకాయన నాకు జాగ్రత్తలు చెప్పాడు.

"కష్టాల్లో ఉన్నానని చెప్పబాక, అబ్బాయ్. లోకువ కడతాడు. పని నేర్చుకోవాలని ఉందను."

కాంట్రాక్టరు గుడారం ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముందు మా ఊరడిగాడు, తర్వాత ఏ పార్టీ అని, తర్వాత ఎన్నెకరాలని.

"ఎనిమిదెకరాల ఆసామివి. ఈ పని నీకెందుకయ్యా?"

"పని నేర్చుకుందామనండి."

"కంకర గుట్ట కొలిచేదాంట్లో నేర్చుకునేది ఏముంది? నిన్నెవరు పంపారో చెప్పు. పోయినేడు ఇట్టాగే నేర్చుకుంటానని వచ్చినోడు ఇంజనీరుకి ఆకాశరామన్న ఉత్తరం రాశాడు."

అప్పుడు నాకూ అనుమానం పుట్టింది. పక్కనున్న గుట్ట వైపు ఓరకంట చూశాను. ఒక మూల కంకర జారిపోయి, లోపలి ఎర్రమట్టి దిబ్బ కనిపిస్తోంది. దిబ్బ మీద జానెడు మందాన రాయి పరిచి గుట్ట అంటున్నాడన్నమాట. నేను చూడటం ఆయన చూశాడు.

నన్ను వేగులవాడనుకుంటాడని భయమేసి ఉన్నదంతా చెప్పేశాను. కేసు, అన్న, మామ, అన్నీ. ఆయన మెత్తబడ్డాడు. మంచినీళ్లు ఇప్పించాడు. పని దొరికినట్టే అనుకున్నాను.

"నువ్వు చెప్పింది నిజమే. నమ్మాను," అన్నాడు. "కానీ సొంత అన్న కోసమే సాక్ష్యం చెప్పనోడివి, రేపు ఓవర్సీరు ముందు నా గుట్టలకేం చెబుతావు? పో నాయనా."

ఇంటికొచ్చేసరికి అన్న అన్నానికి కూర్చుని ఉన్నాడు. ఎక్కడికెళ్లావని అడగలేదు. నా కోసం కూడా వడ్డించమని వదినతో అన్నాడు. ఆ పూట తలెత్తి సాక్ష్యం చెప్పనని అనలేకపోయాను. పిరికితనం, ఇంకో పేరేమీ లేదు.

కోర్టులో మామ తరఫు వకీలు కూడా అదే రకం ప్రశ్న వేశాడు.

"ఎర్రటెండలో వాము దగ్గరికి ఎందుకెళ్లావు?"

"ఎడ్లకు గడ్డి తేవడానికండి."

తడుముకోకుండా వచ్చేసింది. కాంట్రాక్టరు వింటే అప్పటికప్పుడు పనిలో పెట్టుకునేవాడు. ఇక్కడ నన్ను ఎవరూ అనుమానించలేదు. మామకు ఆరు నెలలు పడ్డాయి.

పోలీసులు తీసుకుపోతుంటే ఆయన నా ముందు ఆగాడు. తిడతాడనుకున్నాను.

"ఎందుకురా అబ్బాయ్?" అన్నాడు.