మల్బరీ గట్టున చేపల కుంట

జిల్లా రెండుగా విడిపోయి పుట్టపర్తి కేంద్రంగా కొత్తది ఏర్పడిన 2022లో నన్ను పాత జిల్లాలోనే ఉండిపోయిన గార్లదిన్నె ప్రాంతానికి స్టాఫ్ రిపోర్టర్‌గా వేశారు. మండలాల్లోని కంట్రిబ్యూటర్లు, అంటే జీతం లేకుండా రాసిన వార్తకింత అని తీసుకునే స్థానిక విలేకరులు, పంపినవాటిని సరిచూసి డెస్క్‌కు చేర్చడం నా పని.

అక్కడ ఒక ఊళ్లో గంగమ్మ, ఓబులేసు పక్కపక్క చేల రైతులు. వానల్లేక బెంగళూరులో కట్టడం పనులకు పోయి, తిరిగొచ్చి, పొలాల సరిహద్దులో పొత్తు మీద కుంట తవ్వించారు. గట్టు మీద మల్బరీ తోట, ఆ ఆకు తినే పట్టుపురుగులు ఓబులేసు షెడ్డులో. పురుగుల పెంట కుంటలోని బొచ్చె, శీలావతి చేపలకు మేత. కుంట అడుగున పేరుకున్న బురద మళ్లీ మల్బరీకి ఎరువు. వీళ్లను చూసి ఇంకో మూడు కుటుంబాలు బెంగళూరు వదిలి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి.

ఒక మబ్బు పట్టిన ఉదయం కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. "సార్, కుంటలో విషం కలిపినారు! చేపలన్నీ నోళ్లు తెరుచుకోని పైన తేలతాండాయి. మెయిన్ పేజీ వార్త సార్!"

నేను వెళ్లేసరికి గంగమ్మ గట్టు మీద నిలబడి అరుస్తోంది. "ఏమప్పా ఓబులేసూ, ఆకుకు పురుగుమందు కొట్టి డ్రమ్ము ఈడనే కదా కడిగినావు? నీతో పొత్తు సాలు. స్టేషన్‌కు పోతా. కుంటకు నడిమిట్ల కట్ట ఏపిస్తా!"

కట్ట పడితే ఏ సగమూ చేపలకు చాలదు, రెండు కుటుంబాలూ మళ్లీ బెంగళూరు బస్సు ఎక్కాల్సిందే. మా పత్రికలో 'విషం' అనే మాట వస్తే ఆమె ఫిర్యాదుకు అదే సాక్ష్యమవుతుంది.

"రేపో మాపో పసిపురుగులు తెచ్చుకునేవాణ్ని. ఈ ఆకుకు మందు కొడితే అవి బతుకుతాయా అక్కా? నాకేమన్నా పిచ్చా?" అన్నాడు ఓబులేసు.

ఆ మాటలో న్యాయం కనిపించింది. ఆరోపణ పక్కనపెట్టి, నిన్న కుంటలో ఏమేం పడిందని అడిగాను. గంగమ్మే తడుముకోకుండా చెప్పింది. పట్టుగూళ్లు బాగా వచ్చాయని, చేపలకూ పండగ చేద్దామని, షెడ్డు ఊడ్చిన పెంటంతా గంపలకొద్దీ తెచ్చి తనే పోసిందట. రోజూ వేసేది ఒక్క గంప.

మత్స్యశాఖ అధికారికి ఫోన్ చేసి అందరికీ వినిపించాను. పెంట కుళ్లి నీళ్లలో ప్రాణవాయువు తగ్గింది, మబ్బుకు ఎండ లేకపోవడం దానికి తోడైంది, మోటారుతో నీళ్లు ఎత్తి మళ్లీ కుంటలోకే చిమ్మండి అన్నారాయన. ఓబులేసు మోటారు తెచ్చాడు, గంగమ్మ పైపు పట్టింది. కొన్ని చేపలు పోయాయి. పొద్దెక్కేసరికి మిగిలినవి కిందికి దిగాయి.

"పండగని పిలిస్తే ఇంత రచ్చ చేసేదానికి ఇవేమన్నా మా ఆయన తరపు సుట్టాలా?" అంది గంగమ్మ, ఓబులేసు ముఖం చూడకుండా.

"ఇంగమీదట పండగ మాకు పెట్టక్కా, మేము అరిగించుకుంటాం" అన్నాడతను.

పెంట ఎంత వేయాలో, మబ్బు రోజున ఎందుకు ఆపాలో అధికారి మాటలతో రాయించి, కంట్రిబ్యూటర్ పేరు మీదే జిల్లా పేజీలో వేయించాను. మెయిన్ పేజీ పోయిందని అతను వారం రోజులు ముభావంగా ఉన్నాడు. ఆ మూడు కుటుంబాలూ తిరిగొచ్చి కుంటలు తవ్వుకున్నాయి. నా ఉద్యోగంలో గర్వంగా చెప్పుకొనే పని అది.

ఎవరు చేశారని అడిగితే ఒకరి పేరు వస్తుంది. ఏం జరిగిందని అడిగితే వార్త వస్తుంది. విలేకరి ముందు అడగాల్సింది రెండోదే.